తమ్ముడికిచ్చే బండి

షెడ్డులో మేస్త్రీ కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. కారు తెచ్చినాయన ఆ కాళ్ళతోనే మాట్లాడుతున్నాడు. మేస్త్రీ మొహం కనబడకపోవడం ఆయనకి హాయిగానే ఉంది.

"మామూలు సర్వీసే అంటున్నాగా. ఆయిలు మార్చు, ఫిల్టరు మార్చు. అంతే."

"నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండికి మామూలు సర్వీసంటూ ఉండదు బావా. దానికైనా మనకైనా ఈ వయసులో ఒకటి బిగిస్తే ఇంకోటి ఊడుతుంది."

"ఊడనీ. ఆయిలు మాత్రం కాస్త చిక్కటిది పొయ్యి."

"ఎంత చిక్కటిది?"

"నీకు తెలీదా?"

"తెలుసు. నీ నోటితో విందామని."

"పొగ కనపడనంత. ఓ రెండు వారాలు ఆగితే చాలు."

"అమ్ముతున్నావన్నమాట."

"అమ్మడమేంటి? ఇచ్చేస్తున్నా. మా తమ్ముడికి."

"ఊరికేనా?"

"ఊరికే ఎందుకిస్తాను?"

"అయితే అమ్ముతున్నావు."

"మాట పట్టుకు వేలాడకు. ఇంకోటి, టైమింగ్ బెల్టు జోలికి పోకు."

"అది తెగితే ఇంజనే పోతుంది. మార్చాల్సిన టైము ఎప్పుడో దాటింది. పగుళ్ళు కూడా వచ్చాయి."

"కవరు విప్పకుండానే పగుళ్ళు కనపడ్డాయా నీకు?"

"పాత బండి కదా. ఉంటాయి."

"ఉంటే ఉండనీ."

"బ్రేకు ప్యాడ్లు?"

"పట్టుకుంటున్నాయిగా."

"అరిగిపోయి ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. నువ్వు సందు తిరిగితే కుక్కలు లేస్తున్నాయి."

"రేడియో పెట్టుకుంటే వినపడదు."

"బావా, ఆ వెనక సీట్లో కూర్చునేది నీ తమ్ముడి పిల్లలు."

"వాడు తర్వాత మార్పించుకుంటాడులే."

"తెలిస్తే కదా మార్పించుకునేది."

"తెలియకూడదనేగా నీ దగ్గరికొచ్చింది."

"బయటివాడెవడికైనా అమ్మరాదూ?"

"బయటివాడు మెకానిక్కుని వెంటేసుకొస్తాడు."

"తమ్ముడు?"

"తమ్ముడికి నా మాట చాలు."

మేస్త్రీ కారు కింద నుంచి జరిగి వచ్చి లేచి కూర్చున్నాడు. కారు తెచ్చినాయన గోడకున్న పానాల వైపు తిరిగాడు.

"ఏంటలా చూస్తావు? నేనేమన్నా పరాయివాణ్ణి దోచుకుంటున్నానా?"

"లేదు. పరాయివాణ్ణయితే నీకు కనీసం భయముండేది."

"నీతులు నాకు చెప్పకు. పని చెయ్యి."

"ఎడమ డోరు మీద ఈ గీతలేంటి?"

"గేటు తగిలింది."

"అన్నిసార్లూ గేటేనా?"

"గేటు ఇరుకు."

"నువ్వు ఈ టాక్సీ కొన్నప్పట్నించీ ఆ గేటు అంతే ఉంది బావా. చూపు ఆనట్లేదు కదూ?"

"నెమ్మదిగా మాట్లాడు."

"బేరాలు మానేశావు. పొద్దున్నే బండి తీసి, ఆ పాత గోడౌను వెనక నీడలో పెట్టుకుని పడుకుని, సాయంత్రం ఇంటికి పోతున్నావు. అందరూ చూస్తూనే ఉన్నారు."

"నెమ్మదిగా మాట్లాడమన్నాను."

"ఆ సంగతి తమ్ముడితో చెప్పుకోవచ్చుగా. ఒకే కడుపున పుట్టారు."

"వాడి ముందు చెయ్యి చాచమంటావా? వాణ్ణి భుజాన మోసుకెళ్ళి బళ్ళో దించినవాణ్ణి నేను. వాడికి మొదటి చెప్పులు కొన్నవాణ్ణి."

"అడగడం సిగ్గు. అంటగట్టడం సిగ్గు కాదు."

"సిగ్గు కాదని నేనన్నానా?"

"మరి?"

"మరీ లేదు, గిరీ లేదు. పోస్తావా, ఇంకో షెడ్డుకి పొమ్మంటావా?"

"పోస్తాను. పొయ్యమన్నాడుగా."

"ఎవరు?"

"నీ తమ్ముడు."

"వాడు నీ దగ్గరికెందుకొస్తాడు?"

"మొన్న నడిపి చూస్తానని నీ దగ్గర తాళాలు తీసుకున్నాడు కదా. తిన్నగా ఇక్కడికే తెచ్చాడు. కవరు విప్పి బెల్టు చూపించాను. ఇంజను ఆన్ చేసి పొగ చూపించాను. చక్రం ఊడదీసి బ్రేకులూ చూపించాను."

"నాతో బండి బాగుందన్నాడే."

"అంటాడు."

"మరి... కొననన్నాడా?"

"కొంటానన్నాడు. కొని పాత ఇనుముకి వేసేస్తాడట. పిల్లల్ని ఎక్కించడు, భయపడకు."

"పాత ఇనుముకా? దానికి వాడు నాతో ఒప్పుకున్న ధర..."

"తెలుసు. 'మా అన్న నా దగ్గర ఊరికే పుచ్చుకోడు మేస్త్రీ, ఈ వంకనైనా పుచ్చుకోనీ' అన్నాడు. నువ్వేం చెయ్యమంటే అది చెయ్యమన్నాడు. తనకి తెలుసని మాత్రం నీకు చెప్పొద్దన్నాడు."

"మరెందుకు చెప్పావు?"

"నేను నీ తమ్ముడంత మంచివాణ్ణి కాదు."

ఆయన ఎడమ డోరు మీది గీతల్ని వేలితో తడిమాడు.

"కూర్చో బావా. ఆ డబ్బా మీద కూర్చో."

"ఆయిలు పొయ్యకు."

"సరే."

"సాయంత్రం బండి నేనే తీసుకెళ్తాను. వాడి ఎదురుగా కూర్చుని అంతా నేనే చెప్పుకుంటాను. వాడేమన్నా పడతాను."

"బండి నన్నే తెచ్చి తన ఇంటి ముందు పెట్టమన్నాడు. నిన్ను రానివ్వద్దన్నాడు."

"కోపమా?"

"కోపం కాదు. నువ్వు అబద్ధం చెబుతుంటే ఎదురుగా కూర్చుని తలూపడం ఇంకోసారి తనవల్ల కాదన్నాడు."