‘వస్త’ అన్నందుకు లేచిన యుద్ధం

భార్య ఎల్లమ్మ పొద్దటి నుంచి ఫోనెత్తట్లేదని క్యాబ్ నడిపే బాలనర్సయ్యన్నకు కాలు ఒక్కచోట నిలవట్లేదు. నోరు ఎప్పుడు నిలిచింది గనుక. రాయదుర్గం మెట్రో కింద వదిన భాగ్యమ్మ చాయ్ బండి దగ్గర ఇంకోసారి ఇంటికి ఫోన్ కొట్టి, ఎత్తకపోయేసరికి జేబులో వేసుకుని మొదలుపెట్టాడు.

"మొన్న పెద్ద హోటల్ల దేశాల భద్రత మీద మీటింగైంది గదా, అండ్లకు ఒక జనరల్ సాబును ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చింది నేనే. దిగుకుంట 'గోయింగ్' అన్నడు. సాబ్, మా దిక్కు పోత అనరు, 'వస్త' అంటరు అని నేర్పిన. గంతే జేసిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మూడేండ్ల సంది సరిహద్దు కాడ కొట్లాడుతున్న ఆళ్ళ పక్క దేశపోళ్ళతోటి రాజీ అయింది, ఈయన లేసి దండం బెట్టి 'మేమంత మళ్ళ మీ ఇంటికి వస్తం' అన్నడు."

"మర్యాదే గదన్నా," అన్నాను.

"నీకు మర్యాద, తమ్మీ. ఆళ్ళకు దండయాత్ర. పావుగంటల ఫౌజులు లేసినయ్. దుర్గం చెరువుల సబ్‌మెరైన్ తేలింది, కేబుల్ బ్రిడ్జి మీదోళ్ళు దాంతోటి సెల్ఫీలు గూడ దిగిండ్రు."

"చెరువులకెట్ల వచ్చింది?" సెక్యూరిటీ శ్రీను అడిగాడు.

"నాలాలకెళ్ళి. జర చెప్పనియ్యి." ఫోన్ తీసి చెవికి పెట్టి, దించాడు. నాకైతే చెరువు నిండా ఓడలే కనబడుతున్నాయి.

"లోపలికి ఉరికిన. నలభై దేశాల జనరళ్ళు. అయ్యా, తుపాకులు లెక్కబెడితే కాదు, మంది మాట మతలబు ఎరికుండాలె, మా ఇండ్లల్ల గడప దాటేటోడు తిరిగొస్తనని మాటిచ్చి దాటుతడు అన్న. అందరు ఏడ్చిండ్రు. గప్పటికే ఒక మిసైల్ ఎగిరింది. మైకు గుంజుకుని, 'పోత అనకు బిడ్డా, పోయొస్త అను' అన్న. ఆకాశంల ఆగి, పోయొస్త అన్నది. అన్నంక మాట తప్పుతదా, ఏడికెళ్ళి లేసిందో ఆడనే వచ్చి కూసున్నది."

భాగ్యమ్మ చాయ్ వడపోస్తూ తలెత్తకుండానే అడిగింది. "మరిదీ, పొద్దుగాల కొట్లాడి మా చెల్లెకు ఏమని చెప్పి గడప దాటినవ్?"

బాలనర్సయ్యన్న మళ్ళీ ఫోన్ తీసి చూశాడు.

"'పోతున్న' అన్నవంట, నాకు ఫోన్ జేసి చెప్పింది. అప్పటిసంది తలుపు కాడనే కూసున్నది, బుక్కెడు అన్నం ముట్టలే."

ఆయన గ్లాసు కింద పెట్టి కారు తాళం తీసుకున్నాడు. "వదినే, పో..." అని నాలుక కరుచుకుని, "వస్త" అన్నాడు.

"నాకెందుకు వస్తనుడు. పుప్పాలగూడల మీ ఇంటికి పోయి, దానికి 'వచ్చిన' అని చెప్పు."