చూడకుండా రాసిన ఆరేళ్లు

హలో… ఆ, నేనే లాయరన్నయ్యా. అమ్మమ్మ ఫోను ఇంకెవరెత్తుతారు…

—

బాగానే ఉన్నాను. తింటున్నాను. ఆవిడ పోయి తొమ్మిది రోజులేగా… చెప్పండి, ఫర్వాలేదు.

—

పుస్తకాలా… ఉన్నాయి. నలభై నాలుగేళ్లవీ ఉన్నాయి. బీరువా పై అర నిండా. అన్నిటికీ అట్టలు ఆవిడే వేసింది, పాత క్యాలెండరు కాగితాలతో.

అవును, ఒక్క రోజు వదల్లేదు. బడి గంట కొట్టకముందే వెనక వాగు దగ్గరికెళ్లి, కొలబద్ద మీద నీళ్లు ఎన్ని అంగుళాలున్నాయో చూసి… తారీఖు, ఎత్తు, నీళ్ల రంగు, కనిపించినవి. నాలుగు గళ్లు. టీచరుగా రిటైరయ్యాక కూడా మానితేనా? జ్వరమొచ్చినా శాలువా కప్పుకుని పోయేది.

ఏమిటీ… ఆ కొలబద్ద మీద అంకెలేసింది మీరా? నాలుగో తరగతిలోనా? ఏడు తర్వాత తొమ్మిదా! మరి ఊరుకుందా…

—

చెరిపించి ఎనిమిది వేయించిందా. అదే ఆవిడ. డెబ్భై ఏళ్లప్పుడు, ఒడ్డున చెత్త పోయడానికొచ్చిన బండికి అడ్డంగా కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంది, గుర్తుందా. సాయంత్రం దాకా. డ్రైవరే దండం పెట్టి వెనక్కి తిప్పుకున్నాడు. తొంభై నాలుగేళ్లూ అలాగే బతికింది.

…వాయిదా ఎల్లుండా?

అన్నయ్యా… ఆ పుస్తకాలు కోర్టులో పెట్టొద్దు.

—

తెలుసు. వాగు ఎండిపోయింది ఆ నీళ్ల సీసాల ఫ్యాక్టరీ వల్లే అని చూపించడానికి మన దగ్గర వేరే ఆధారం లేదని తెలుసు. ఓడిపోతే వాగు స్థలం కూడా వాళ్లకే పోతుందనీ తెలుసు. కాస్త ఆగండి. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేను.

అమ్మమ్మకి ఆరేళ్ల కింద చూపు పోయింది కదా. అప్పట్నుంచి నేనెళ్లి చూసొచ్చి, ఆవిడ పక్కన కూర్చుని పైకి చెబుతూ రాసేదాన్ని. ఆ, చేతిరాత నాదే. సంగతి అది కాదు.

మొదటి వేసవిలోనే ఒకరోజు వెళ్తే… నీళ్లు లేవు. అడుగున తడి కూడా లేదు. వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను.

గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మూడోరోజు వచ్చి… రెండంగుళాలు వచ్చాయి అమ్మమ్మా, అన్నాను.

—

ఊఁ. లేచి కూర్చుని పాలు తాగింది.

ఇక ఆగలేదు అన్నయ్యా. రెండు కాస్తా నాలుగైంది. వానాకాలం వస్తే పది చేశాను. చేపపిల్లల్ని తెచ్చాను, కప్పల్ని తెచ్చాను. ఒక లకుముకి పిట్టను కూడా. ఆ పిట్ట కొమ్మ మీద ఎలా కూర్చుందో చెప్పమంటే అదీ చెప్పాను. ఎంత మురిసిపోయిందో.

…రోజూ. ఆరేళ్లూ.

అవును, ఫ్యాక్టరీ వచ్చిన ఆ ఆరేళ్లే. ఆ పుస్తకాలు విప్పితే వాగు నిండుగా ఉంది, మాకే ఇబ్బందీ లేదు అని వాళ్ల తరఫున సాక్ష్యం చెబుతాయి.

—

చించేయడమా? మీరేనా ఆ మాటనేది? ప్రతి పేజీకీ నెంబరుంది.

—

తిరగరాయాలంటే అసలు అంకెలుండాలిగా. లేవు నా దగ్గర. రెండంగుళాలన్న మర్నాటి నుంచి నేను వాగు దగ్గరికే పోలేదు. బడి అరుగు మీద పావుగంట కూర్చుని ఇంటికొచ్చేదాన్ని. చూడలేకపోయేదాన్ని. మళ్లీ ఎప్పుడైనా నీళ్లొచ్చాయో, ఎప్పుడు పూర్తిగా పోయాయో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. చూడాల్సినదాన్ని నేనొక్కదాన్నే.

…తిట్టండి. పడతాను.

—

ఆవిడ సొంతంగా రాసిన ముప్ఫై ఎనిమిదేళ్లూనా? అవీ నమ్మరా?… నమ్మరు. ఎందుకు నమ్ముతారు.

మొదటి పుస్తకం మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసుకుంది, చూడకుండా రాయకూడదని. ఆకు తెచ్చి ముందు పెట్టుకోకుండా ఆకు బొమ్మ గీస్తే సున్నా వేసేది మాకు. అలాంటి మనిషి పుస్తకంలో కూర్చుని నేను…

—

లేదు. ఓదార్చకండి. ఆవిడకి తెలియదు. పోయే ముందురోజు కూడా అడిగింది, ఇవాళ ఎంత అని. పదకొండు అన్నాను. 'అయితే వాగు బతికిందన్నమాట' అంది. ఆ మాటతోనే కళ్లు మూసుకుని పడుకుంది. నన్ను నమ్మి పోయింది అన్నయ్యా. అదే నన్ను తినేస్తోంది.

—

…ఊఁ. కేసు వెనక్కి తీసేసుకోండి. మిమ్మల్నేమీ అనను. ఏ మొహం పెట్టుకుని అంటాను.

—

నేనా? వాగు దగ్గరే ఉన్నాను. ఆ చప్పుడు నీళ్లది కాదు, ఫ్యాక్టరీ లారీలది. పుస్తకం కూడా తెచ్చుకున్నాను. తొమ్మిది రోజుల్నుంచి ఖాళీగా ఉంది… ఉత్తినే మోసుకొచ్చాను.

ఉంది, కొలబద్ద అలాగే ఉంది. మీరు దిద్దిన ఎనిమిది కనిపిస్తోంది. కింద ఒకటి దాకా కనిపిస్తోంది. ఆ కింద పగుళ్లే.

—

ఆగండి, పెట్టేయకండి. రాస్తున్నాను. తారీఖు వేశాను. ఎత్తు… సున్నా. చూసే రాశాను. కనిపించినవి, ఏమీ లేవు.

రంగు గడిలో ఏం రాయాలి అన్నయ్యా?

…

హలో…

లాయరన్నయ్యా… ఉన్నారా?

రంగు గడిలో ఏం రాయను?