పెద్దమ్మ ఇవ్వని కర్ర

కూర్చోవే నెస్టా, నీ ఇంజనుకి ఆవిరి పట్టాలంటే ఇంకా చాలాసేపు పడుతుంది. మొదటిసారి నడిపేవాళ్ళందరికీ కంగారే. టీ పోసుకో. ఆ రొట్టెలో ఎండుద్రాక్షలు ఏరి పారెయ్యకు, మా మోర్విడ్ పెద్దమ్మ చూస్తే ఊరుకునేది కాదు. ఎవరంటావేంటి, ఈ గేటు కాసింది ఆవిడేగా. నువ్వు పుట్టకముందే పోయిందిలే. మనిషి ఇంతే ఉండేది, నోరు మాత్రం ఆ కొండ అవతలికి వినిపించేది. ఎక్కడున్నాను... ఆ, కర్ర. ఒంటి లైను కదా మనది, రెండు బళ్ళు ఎదురుపడకుండా కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ బండే లోపలికెళ్ళాలి. నీకు నేను చెప్పాలా. సర్కారు లైను మూసేసిన రోజు ఆఖరి బండి డ్రైవరు ఇద్వాల్ ఆ కర్ర పెద్దమ్మ చేతిలో పెట్టి, తల దించుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఆఫీసువాళ్ళు వెనక్కిమ్మంటే "వెతుకుతున్నానయ్యా" అనేది. వెతకడమేంటి నా మొహం, వంటింటి తలుపు వెనకే ఉండేది. కోళ్ళని దాంతోనే అదిలించేది. ఆ ఎర్ర పుంజు ఒకటుండేది చూడూ... సర్లే, అది వేరే కథ.

మేం నలుగురం ఆదివారాలు తుప్పలు కొడుతూ, బళ్ళు మేమే నడుపుకుంటాం, లైను మాకే ఇమ్మని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతున్నామా, ఈలోగా పట్టాలు పీకడానికి ముఠా దిగింది. అవి పోతే ఇంకేం నడుపుతాం? నాకు ఏడుపొక్కటే తక్కువ. ముఠా మేస్త్రీ ఎవరనుకున్నావు, ఇద్వాలే. పని పోయాక పాపం ఏది దొరికితే అది చేస్తున్నాడు. పనిముట్లున్న ట్రాలీ తోసుకుంటూ వస్తే పెద్దమ్మ కర్ర చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. "మోర్విడ్, బళ్ళే లేవు, ఇంక కర్రెందుకు?" అన్నాడు. "లైనుందిగా. కర్ర లేకుండా ఎప్పుడన్నా లోపలికెళ్ళావా?" అంది. లేదన్నాడు. "పోనీ, ఆ కర్ర నాకిచ్చెయ్." "ఇవ్వను."

అంతే. నెట్టుకుని పోవచ్చు, ఆవిడెంత, కోడిపిల్లంత. కాంట్రాక్టరు కారులోంచి దిగి, ముసలిదాని కర్రకి భయపడి చస్తున్నారేంట్రా అని తిట్టిపోశాడు. ముఠా అంతా పాత రైలువాళ్ళే, ఒక్కడూ కదల్లేదు. ఇద్వాల్ టోపీ సర్దుకుని ట్రాలీ వెనక్కి తిప్పాడు. కాంట్రాక్టరు వేరే మనుషుల్ని వెతుక్కుని వచ్చేసరికి లైను మనదైపోయింది. ఆ పై ఆదివారం ఇద్వాల్ కొడవలి పట్టుకుని వచ్చి నా పక్కన తుప్పలు కొట్టడం మొదలెట్టాడు. జీతం లేదయ్యా ఇక్కడ అంటే, నేనడిగానా అన్నాడు.

మనం మొదటి బండి తీసిన రోజు ఇంజను మీద వాడే. పెద్దమ్మ కొత్త కోటేసుకుని వచ్చింది. కర్ర వాడి చేతికిచ్చి, "దొరికిందయ్యా" అంది. అంత మనిషీ ఇంజను మీద నిలబడి...

అదిగో, నీది బుసకొడుతోంది. లే, టీ తర్వాత తాగుదువుగాని. ఇదిగో, కర్ర పట్టుకో.