పద్నాలుగో నంబరు డికాంటర్

రాజమండ్రిలో పెయింట్ల కొట్టు నడిపే కుక్కుటేశ్వరరావు, యానాంలో కొన్న పాత గాజు డికాంటర్‌ని పాత గాజు సంగతి తెలిసినవాడని భీమవరం నుంచి పిలిపించిన శ్యాంబాబు చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. భార్య రాజరాజేశ్వరి కాఫీలు తెచ్చింది.

“జాగ్రత్తండీ శ్యాంబాబుగారూ, రెండొందల ఏళ్ల నాటి సరుకు.”

“అలా అన్నది అమ్మినవాడా, మీరా?”

“వాడు వందే అన్నాడండి. మిగతా వంద నేను కలిపాను.”

“పోయినసారీ ఇలాగే కలిపారు అన్నయ్యగారూ. ఫ్రెంచి దొరలు ఈ డికాంటర్లలోనే ద్రాక్షసారా వంపుకుని బల్లమీద పెట్టుకునేవారూ అన్నారు. తిరగేసి చూస్తే అడుగున మైక్రోవేవ్ బొమ్మ!”

“చెప్పు, చెప్పు. ఊరంతా యానాం వెళ్లి నిండు సీసాలు తెచ్చుకుంటుంది. ఖాళీ సీసా కోసం వెళ్లేవాణ్ణి నేనొక్కణ్ణే.”

“ఇదీ దొంగదైతే సీసాల బీరువా ఖాళీ చేస్తానని ఒట్టేశారు. అదీ చెప్పండి.”

“చేస్తాను. అన్నీ పాతసామాన్లవాడికి వేసేసి, ఈ జన్మలో ఇంకో సీసా ముట్టుకోను. మీ మాటే ఆఖరు, శ్యాంబాబుగారూ.”

“ఉండండి. అడుగున ఈ గరుకు మచ్చ చూశారా? ఊదిన గాజుని ఇనప కడ్డీ నుంచి విరిచిన చోటు. అచ్చులో పోసిన సీసాకి ఇది ఉండదు. పక్కన అతుకు గీతా లేదు.”

“అయితే నిజమైందేనా?”

“ఆగండి మరి. ఈ మచ్చ ఇప్పుడూ పెట్టేస్తున్నారు. అసలు పరీక్ష మూతండి. ఆ రోజుల్లో ఏ మూతని ఆ సీసా గొంతుకే సరిపడేలా అరగదీసేవారు. మారిపోకుండా రెంటిమీదా ఒకే నంబరు గీసేవారు.”

“అన్నయ్యగారూ, ఆ నంబరు…”

“నువ్వుండు రాజేశ్వరీ. తెలిసినాయన చెబుతుంటే.”

“అది కాదండీ…”

“ఉండమన్నానా!”

“మూత మీద… పద్నాలుగా? ఇదెక్కడిదండీ? గొంతు దగ్గర… రావుగారూ, ఇక్కడా పద్నాలుగే!”

“అమ్మయ్య! కళ్లనీళ్లొస్తున్నాయండి నాకు. వెర్రిబాగులవాణ్ణని ఇన్నాళ్లూ నేనే నమ్మేశాను.”

“ఇప్పుడు నన్ను చెప్పమంటారా?”

“చెప్పు. ఇవాళ నువ్వేమన్నా వింటాను.”

“స్టీలు గిన్నెల మీద మిషనుతో పేర్లు కొట్టే బుల్లియ్య మొన్న వచ్చాడు కదండీ. మూతలు మారిపోతున్నాయని డబ్బాలకీ మూతలకీ నంబర్లు కొట్టించాను. పదమూడు కందిపప్పు డబ్బా.”

“పద్నాలుగు?”

“ఇదే. మన ఇంటిపేరు కూడా కొట్టమన్నాను. అన్ని అక్షరాలైతే గాజు పగులుతుందని వాడే ఒప్పుకోలేదు.”

“నాతో ఒక్క మాట చెప్పొద్దూ?”

“చెప్పాను. ఫోన్లో సీసాల బొమ్మలు చూస్తూ ఊఁ అన్నారు.”

“అంటే ఉంటాను. నేనే అని ఉంటాను. ఇదిగో బీరువా తాళం, తీసుకో. శ్యాంబాబుగారూ, మొహమాటపడకండి, నవ్వేయండి. మా ఇంట్లో అందరికీ అలవాటే… ఏంటండీ, నవ్వరేం?”

“చెల్లెమ్మా, ఆ బుల్లియ్యని ఓసారి భీమవరం పంపగలరా? ఇలా నంబరు కొట్టించాలని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. యానాం కొట్టుకి ఈ సీసాలు వేసేది నేనే.”