బరువు పెరిగిన క్రీము డబ్బా: మా పెద్ద నర్సమ్మ గారి పదవీ విరమణ వేళ

పంతొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, సోమవారం ఉదయం ఏడున్నరకు మా ఆసుపత్రి రేడియేషన్ విభాగంలో నర్సుగా చేరిన వారు, ముప్ఫై మూడు సంవత్సరాల నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పెద్ద నర్సు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి నాలుగు మాటలు వ్రాసే భాగ్యం మందుల గది బాధ్యుడనైన నాకు దక్కింది. నాలుగు మాటలతోనే సరిపెట్టమని సంచిక సంపాదకులు గట్టిగా చెప్పారు గాని, అది నా తరమా?

చేరిన తొలి వారంలోనే వారు పెద్ద డాక్టరు గారిని పదిహేడు ప్రశ్నలు అడిగారని ప్రతీతి. యంత్రం శబ్దం మధ్యలో ఎందుకు మారుతుంది, రోగి మెడ మీద గీసిన గుర్తు చెమటకు చెరిగిపోతే మళ్లీ గీయవలసింది ఎవరు, ఇలాంటివి. అందుచేత మేమంతా చాటుగా వారికి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టుకున్నాం. ఆ సంగతి చెవిన పడిననాడు కోపగించుకుంటారని హడలి చచ్చాం. వారు మాత్రం కుతూహలంగా, "ఎందుకు పెట్టారు?" అని అడిగారు.

తొమ్మిదేళ్లు వార్డులో పనిచేసిన పిమ్మట వారికి చర్మ సంరక్షణ గది బాధ్యత అప్పగించబడింది. గది అంటే ఒక కిటికీ, ఒక తూకం యంత్రం, గుమ్మం బయట పొడవాటి బల్ల. కిరణ చికిత్స మూడవ వారానికి చేరేసరికి చికిత్స పడిన చోట చర్మం ఎర్రబారి, మండి, కొందరికి పొర ఊడి తడిదేరుతుంది. అది ముదిరితే చికిత్సను కొన్నాళ్లు ఆపవలసి వస్తుంది. మనం ఆపామని వ్యాధి ఆగదు కదా! కనుక ఆ గదిలో రాసే క్రీము కేవలం ఉపశమనానికి సంబంధించిన విషయం కాదు.

పదిహేనేళ్ల క్రితం వారి సొంత అక్కగారికే ఈ కష్టం వచ్చింది. చర్మం పగిలి, చికిత్స పదకొండు రోజులు ఆగింది. ఆ రోజుల్లో ఎవరో చెప్పిన ఒక మూలికల క్రీమును వారు స్వహస్తాలతో పూటపూటా రాశారు. చర్మం మానింది, చికిత్స పూర్తయింది, అక్కగారు నేటికీ క్షేమంగా ఉన్నారు. నాటి నుంచి ఆ క్రీము పేరు వారి గుండ్రని చేతివ్రాతతో ఒక కాగితం మీదికెక్కి గది గోడ మీద వెలసింది, వచ్చిన ప్రతి రోగికీ వారు దానినే చెప్పారు. తమను తాము 'ఎందుకు' అని ప్రశ్నించుకోవడం వారు మరచిన ఏకైక విషయం బహుశా అదే.

దానిని గుర్తుచేసిన పుణ్యం ఒక వడ్రంగిది. మెడకు రెండు పక్కలా చికిత్స జరుగుతున్న ఆ పెద్దమనిషి, రెండు పక్కలా రాస్తే క్రీము తొందరగా అయిపోతుందని పొదుపుగా ఒక్క పక్కే రాసుకుంటూ వచ్చాడు. నాలుగవ వారం చూస్తే రెండు పక్కలా ఒకే ఎరుపు. ఆ మధ్యాహ్నమే వారు నా గదికి వచ్చి నిలబడ్డారు.

"అన్నయ్యగారూ, నా క్రీము పనిచెయ్యదేమోనండీ. తేల్చుకోవాలి."

"మీ అక్కగారికి మానింది కదమ్మా. కొరివితో తల గోక్కోవడం దేనికి?"

"భయంగానే ఉంది. కాదని తేలితే ఇన్నేళ్లుగా ఇంతమందికి చెప్పిన నా మాట ఏం కాను? కానీ తెలుసుకోకుండా రేపు వచ్చేవాళ్లకి మళ్లీ ఏ మొహంతో చెప్పను?"

పెద్ద డాక్టరు గారి అనుమతి, రోగుల సమ్మతి తీసుకుని పరీక్ష ఆరంభించాం. సగం మందికి మూలికల క్రీము, సగం మందికి ఏ మందూ కలపని మామూలు తేమ క్రీము. రంగులో, వాసనలో తేడా తెలియకుండా ఒకే రకం తెల్ల డబ్బాల్లో నింపి, అంకెలు వేసి ఇచ్చేవాడిని. ఏ డబ్బాలో ఏముందో నాకు మాత్రమే తెలుసు. ఎవరి చర్మం ఎలా ఉందో వారికి మాత్రమే తెలుసు. నా ముఖం అద్దంలాంటిదని, చూస్తే గుట్టు తెలిసిపోతుందని, పరీక్ష సాగినన్నాళ్లూ వారు టీ గదిలో గోడవైపు తిరిగి కూర్చుని టీ తాగారు! ముప్ఫై ఏళ్ల స్నేహంలో నాకు జరిగిన అతి పెద్ద అవమానం అదే.

ప్రతి సోమవారం డబ్బాలను తూచి, ఎంత వాడారో వ్రాసుకునేవారు. అయిదు నెలలు సజావుగా నడిచాక ఒక సోమవారం, ఒక దర్జీ తెచ్చిన డబ్బా మేము ఇచ్చినప్పటికంటే తొమ్మిది గ్రాములు ఎక్కువ తూగింది. వాడినకొద్దీ పెరగడానికి అదేమైనా అక్షయపాత్రా? వారు మూడుసార్లు తూచి, చివరకు ఆమెనే అడిగారు.

"నా పక్కన కూర్చునే కండక్టరు తమ్ముడు పెట్టాడమ్మా," అంది దర్జీ అమాయకంగా. "నీకు మంట ఎక్కువగా ఉందక్కా, నాది బాగా పనిచేస్తోంది, కాస్త తీసుకో అన్నాడు. పాపం, మంచోడు. తప్పా అమ్మా?"

"తప్పేం లేదు తల్లీ," అన్నారు వారు. తలుపు వేసుకుని పొట్ట పట్టుకుని నవ్వారు, ఆ వెనుకే కళ్లు తుడుచుకున్నారు.

ఆ ఇద్దరినీ తీసేసి మిగతా లెక్క సాగిద్దామని, ఎవరు చూడొచ్చారని నేనే సలహా ఇచ్చాను. ఇప్పుడు వ్రాస్తుంటే సిగ్గేస్తోంది. వారు నా మాట వినిపించుకోక, బల్ల మీద కూర్చున్న ప్రతి ఒక్కరినీ అడిగారు. ముప్ఫై ఎనిమిది మందిలో పంతొమ్మిది మంది ఇచ్చిపుచ్చుకున్నట్టు తేలింది. దాచినవారు లేరు సరికదా, అందరూ గొప్పగానే చెప్పుకున్నారు. ఎవరికి ఏ క్రీము పడిందో ఇక తేలదు గనుక, అయిదు నెలల శ్రమను, పదవీ కాలం రెండేళ్లు కూడా మిగలని వేళ, వారు పుస్తకంతో సహా కట్టగట్టి పక్కన పెట్టారు.

రోగుల మంచితనాన్ని మాన్పించడం కుదరదు గనుక పరీక్షనే మార్చారు. వడ్రంగి మెడను తలచుకుని, ఈసారి ప్రతి రోగికీ రెండు డబ్బాలూ ఇచ్చారు. చికిత్స పడే చోటును గీతతో రెండుగా విభజించి పైభాగానికి ఒకటి, కిందిభాగానికి ఒకటి. రెండూ కలిసిపోకుండా పైదానిని కుడి చేత్తో, కిందిదానిని ఎడమ చేత్తో రాసుకోవాలి. అందరి దగ్గరా అన్నీ ఉన్నాయి కనుక ఎవరూ ఎవరికీ పెట్టవలసిన పని లేకపోయింది. పద్నాలుగు నెలల పాటు, అరవై మంది చర్మాన్ని, పగటి వెలుగులో అదే కిటికీ పక్కన వారు పరిశీలించి నమోదు చేశారు.

ఆఖరికి పెద్ద డాక్టరు గారి సమక్షంలో నా పుస్తకం, వారి పుస్తకం పక్కపక్కన తెరిచాం. మా అరవై మందిలో రెండు క్రీములకూ తేడా లేదు. మా నర్సమ్మ గారు మళ్లీ లెక్కించమన్నారు. మళ్లీ లేదు.

"పోనీలెండి," అన్నారు వారు, తమ పుస్తకం మూసి. "వెతకాల్సిన వాటిలో ఒకటి తగ్గింది."

మరునాడు ఉదయం గోడ మీది కాగితాన్ని గోటితో గీకి తీసేశారు. బయట బల్ల దగ్గర నిలబడి, తాము ఇన్నాళ్లూ చెప్పిన మాట సరికాదని, మామూలు క్రీము చాలునని రోగులందరి ఎదుటా చెప్పారు. పాత రోగులు తనిఖీకి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పారు. ఆ సమయంలో నేను వారిని చూసి గర్వించినట్టుగా మరెవరినీ చూసి గర్వించలేదు.

మిగిలింది అక్కగారు. ఆమె తనిఖీకి వచ్చిన రోజున నేనూ అక్కడే ఉన్నాను.

"మరి నాకెందుకు మానిందే?"

"చికిత్స ఆపారు కదక్కా. పదకొండు రోజులు ఖాళీ దొరికింది, చర్మం తనంతట తనే మానుకుని ఉంటుంది."

"అంటే నీ క్రీము ఏం చెయ్యలేదా?"

"చెయ్యలేదనే అనుకుంటున్నానక్కా."

అక్కగారు చెల్లెలి చేయి అందుకున్నారు. "క్రీము గొడవ నాకు తెలీదే. డ్యూటీ దిగి, తిండి కూడా తినకుండా వచ్చి రాసేదానివి. ఆ చేత్తో తగ్గింది నాకు. కాదని రాసుకో నీ పుస్తకంలో, చూస్తా."

వారు ఏడుస్తూనే నవ్వారు. "అది కూడా పరీక్షించాలి కదక్కా!"

పెద్ద నర్సమ్మ గారూ, నిరూపణ లేని దేనినీ మరొకరికి గట్టిగా చెప్పరాదని మాకు ఆచరించి చూపినవారు మీరు. మీకు సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయువు, మీ అక్కగారి సరసన తీరికైన సాయంకాలాలు కలగాలని మా విభాగమంతా మనసారా కోరుతున్నాం. ఈ కోరిక పనిచేస్తుందని నేను హామీ ఇవ్వలేను. హాని మాత్రం చేయదు గనుక, దయచేసి రోజూ స్వీకరించండి.