బయట కూర్చోండి, జయదేవ్ గారూ

పటమటలో పిల్లల సర్జన్ తిరుమల గది. బల్ల మీద పదమూడేళ్ల జ్ఞానేశ్వరి ముడుచుకుపోయి ఉంది. పక్కన తండ్రి జయదేవ్, ఓ జూనియర్ కాలేజీ హాస్టల్ క్యాంపస్‌కి ఇన్‌చార్జి.

"మళ్ళీ చెప్పండి, ఇక్కడికి రాకముందు ఎక్కడికి తీసుకెళ్ళారూ?"

"ఉయ్యూరు మేడమ్. మా అత్తగారికి తెలిసినావిడ ఉంది. బొడ్డు జరిగితే ఆముదం రాసి సర్దుద్ది."

"బొడ్డు జరిగిందా! మీరు చెప్పేది ఫిజిక్స్ అన్నారుగా?"

"అదీ... పొద్దున వాంతి చేసుకుంది. బొడ్డు చుట్టూ నొప్పంది. గ్యాసేమోనని బిళ్ళ కూడా వేశాను. పిల్లలకి కడుపునొప్పి మామూలే కదండీ, క్యాంపస్‌లో రోజూ చూస్తాను."

"చూసి ఏం చేస్తారు?"

"సగం మందికి ఔటింగ్ కోసం నొప్పి మేడమ్. కాస్త గట్టిగా అంటే తగ్గిపోద్ది."

"అమ్మాయ్, దిగి ఒక్క గెంతు గెంతు... చాలు, చాలు. పడుకో. ఇప్పుడెక్కడ నొప్పి?"

"కుడిపక్క. కింద."

"నొక్కితే ఎక్కువా, వదిలితే ఎక్కువా?"

"అమ్మా! వదిలితే."

"ఏంటి మేడమ్ అది?"

"అపెండిక్స్. సిస్టర్, సెలైన్ పెట్టు, థియేటర్‌కి చెప్పు, స్కాన్ వాళ్ళని ఇక్కడికే రమ్మను. జయదేవ్ గారూ, మీరిలా తలుపు దగ్గరికి రండి. నాగమల్లేశ్వరి గుర్తుందా?"

"ఎవరండీ?"

"మల్లి. మీ క్యాంపస్‌లో ఇంటర్ చదివింది. చదవడం అంటే... ఆర్నెల్లు."

"ఓ... ఆ అమ్మాయా. పాపం. వాళ్ళ పేరెంట్స్ లేటుగా వచ్చారండీ. మేం ఫోన్ చేసినా..."

"అబద్ధం. ఫోన్ చేసింది మా అమ్మ. 'మీ ఊళ్ళో తిరునాళ్ళా ఏంటమ్మా, మీ పిల్ల పొద్దున్నుంచి కడుపు పట్టుకుని తిరుగుతోంది' అని నవ్వారు మీరు."

"మేడమ్... మీరు..."

"వీరమ్మ పెద్దకూతుర్ని. ఆ ఫోను కాగానే అమ్మ చేపల తట్ట దించి బస్సెక్కి వచ్చింది. నీచు వాసనొస్తోందని మీ వాచ్‌మన్ గేటు తియ్యలేదు. తీసేసరికి అపెండిక్స్ పగిలి మా చెల్లి ఒళ్ళు చల్లబడిపోయింది."

"నాకు తెలీదండీ, ఆ రోజు... రూల్స్ పైనుంచి... మేడమ్, మేం వేరే డాక్టర్ దగ్గరికి..."

"వెళ్ళండి. దారిలో ఏమైనా అయితే నన్ననకండి."

"అంత మాటనకండి! ఎలా ఉంది దానికి? నిజం చెప్పండి."

"పగిలింది. చీము కడుపంతా పాకింది. నా ప్రయత్నం నేను చేస్తాను. ఆపైన మీ అదృష్టం."

"అయ్యో, పొద్దున బాగానే నడిచిందండీ!"

"మల్లి కూడా నడిచింది. మీ ఇంటి తలుపు దాకా నడిచింది."

"మీ కాళ్ళు పట్టుకుంటాను. నా మీద కోపం దాని మీద..."

"లేవండి. ఇలాంటి రోజొకటి చూపించమని ఎంతమంది దేవుళ్ళకి మొక్కానో మీకేం తెలుసు? తనదాకా వస్తేగానీ తెలీదంటారు. వచ్చిందిగా! సంతకం పెట్టి బయట కూర్చోండి. ఈ వయసు ఆడపిల్లని తండ్రి లేనప్పుడు అడగాల్సినవి ఉంటాయి."

"మేడమ్, ఒక్కమాట..."

"బయట కూర్చోండి, జయదేవ్ గారూ. తలుపేసి."

స్కాన్ అయింది. గదిలో ఇక ఇద్దరే.

"పీరియడ్స్ ఎప్పుడయ్యాయమ్మా?"

"పోయిన వారం మేడమ్."

"దెబ్బ తగలడం, ఎవరైనా ఏదైనా చెయ్యడం... ఇంట్లో చెప్పలేనిదేమైనా ఉందా?"

"అలాంటిదేం లేదు. మేడమ్, నాకు పగిలిపోయిందా?"

"విన్నావా?"

"తలుపు దగ్గరే కదా మాట్లాడారు."

"పగల్లేదు తల్లీ. స్కాన్‌లోనూ చూశాను. వాచింది, అంతే. ఇప్పుడు తీసేస్తే త్వరలోనే బడికెళ్తావు."

"మరి నాన్నతో అలా అన్నారు?"

"సూది గుచ్చుతున్నా, కదలకు."

"కావాలనే అన్నారా?"

"కదలకన్నానా."

"కావాలనే కదా?"

"అవును, కావాలనే! మా అమ్మ ఏడ్చిన ఏడుపు ఆయనా ఏడవాలని. ఒక్క గంటైనా ఏడవాలని. ఇవన్నీ నీకు చెప్పే మాటలు కావు."

"మల్లక్క నాకు జడలేసేది. మా క్వార్టర్స్ అరుగు మీద కూర్చోబెట్టుకుని. ఆ రోజు మా తలుపు కొట్టింది, 'సార్, ఒక్కసారి అమ్మకి ఫోన్ చేసుకుంటా' అని. నేను లోపలున్నా. నాన్న టీవీ సౌండ్ పెంచాడు."

"ఊరుకో. ఇప్పుడదంతా ఎందుకు?"

"ఏడుస్తున్నాడా?"

"తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. తలుపు అద్దంలోంచి కనిపిస్తోంది."

"బాగా అయింది."

"ఛ! ఆ మాట నువ్వనకూడదు. నేనంటే వేరు, నాది... సిస్టర్! ఆయన్ని లోపలికి పిలువు. ప్రాణానికేం ప్రమాదం లేదని నేనే చెప్తాను."

"వద్దు మేడమ్, పిలవకండి. నిన్న నొప్పి కుడిపక్కకి దిగినప్పుడే తెలిసింది నాకు, ఇది మల్లక్కకొచ్చిందేనని. అయినా పొద్దున బొడ్డు చుట్టూ అనే చెప్పాను. ఆయన ఇలా ఏడవాలనే ఎవరికీ చెప్పలేదు."