యల్దాకు ముందటి మంచు

పోయిన శుక్రవారం, పద్నాలుగు వందల రెండో సంవత్సరం ఆజర్ నెల పదిహేడున, అన్యాయం జరిగింది నాకు, తవక్కొలీ గారూ! కొండెక్కడానికొచ్చిన ఆ తెహ్రాన్ వాళ్లకు కాదు. వాళ్ల ఫిర్యాదు పట్టుకుని, నేను కాపలా కాసే కొండబస తాళంచెవి లాక్కోవడానికి ఇంత ఎత్తు ఎక్కి వచ్చారే! జిల్లా అధికారికి ఇంకేం పని లేదూ?

అవును, కనుమ దారికి అడ్డంగా తాడు కట్టాను. తాడు ముందు కూర్చున్నాను కూడా. దాటితే నన్ను తొక్కుకుంటూ దాటండన్నాను. అయితే?

"అమ్మగారూ, మోకాలి లోతు మంచుకే ఇంత భయమా? వెళ్లి టీ కాచుకో" అన్నాడు వాళ్ల నాయకుడు. మా ఊరి ముసలాళ్లూ వాడికే వంత! ఆజర్ నెలాఖరున యల్దా పండుగ రాత్రి గడిచి, పెద్దచలి నలభై రోజులు మొదలైతే గాని మంచు విరిగిపడదట. కొండేమన్నా వీళ్ల క్యాలెండరు చూసుకుని కదులుతుందా?

వినండి. పోయిన నెల, ఆబాన్‌లో, కాస్త మంచు పడింది. ఉత్తరపు వాలున ఎండ సోకదు. ఆ పైన మూడు వారాలు మబ్బు లేదు, ఒకటే చలి. ఏమైంది? ఆ పల్చటి మంచంతా పంచదార పలుకులైపోయింది. గుప్పిట పట్టండి, నిలుస్తుందా? దాని మీద మొన్నటి గాలి కొత్త మంచును తెచ్చి గట్టి పలకలా పరిచింది. నేల తగిలేదాకా గొయ్యి తవ్వాను. గోడలో దిమ్మ కోసి పారతో తట్టాను. పన్నెండో దెబ్బకు పైపలక సొరుగు లాగినట్టు జారి నా ఒళ్లో పడింది!

ఏమిటా నవ్వు? ఏమీ పడలేదు కదా అనా? ఎవడూ కాలు పెట్టలేదు గనక పడలేదయ్యా!

"అనవసరంగా భయపెట్టాను" అని సంతకం చెయ్యాలా? చెయ్యను. తాళంచెవి పట్టుకుపొండి. తాడు నా సొంతం, రేపూ కడతాను.

ఏమిటి... ఎందుకింత మొండితనమంటారా?

నాలుగేళ్ల కిందటా ఇలాగే తవ్వాను. ఇవే పలుకులు. చెబితే ముసలాళ్లు పకపకా నవ్వారు. సిగ్గేసింది నాకు. సిగ్గు! బసలో ఎక్కేవాళ్లు చూసుకునే పుస్తకం ఉంటుంది కదా, అందులో "దారి మంచిది" అని రాసేశాను. మా తమ్ముడు బర్జూ అది చదివే బయల్దేరాడు. వసంతంలో మంచు కరిగాక దొరికాడు.

మీ కాగితాల్లో కొండ ప్రమాదమని ఉంది, నాకు తెలుసు. పుస్తకంలో మాత్రం నా దస్తూరీ ఉంది. కింద తారీఖు కూడా వేశాను: పదమూడు వందల తొంభై ఎనిమిది, ఆజర్ ఇరవై రెండు.